పాత విమానము - పండిన వైమానికుడు

కోయిలకుంట్ల అనగానే సీమవారికి ముందుగా జ్ఞప్తికి వచ్చే పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కంపెనీవారు ఆయనను ఆ ఊరనే ఉరితీశారు. ఆ తరువాత నూటడెబ్బది నాలుగేండ్లకు, 2021 మార్చి 25న, కర్నూలు చేరువను ఓర్వకల్లు విమానాశ్రయాన్ని ప్రారంభించి దానికి ఆ వీరుని పేరు పెట్టారు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన కోయిలకుంట్ల బడిపిల్లలకు కూడా నేడు విమానం వింత వస్తువు కాదు. కాని ఈ దత్తమండలాల నేలమీద తపాలా విమానం వారంవారం వచ్చి దిగడం మొదలైనది 1932లో. అది దిగిన చోటు బళ్ళారి. కోయిలకుంట్లకు పడమరగా నూరు మైళ్ళలోపు దూరాన ఉన్న ఆ పట్టణం అప్పటికింకా మద్రాసు రాజధానిలోనిదే.

ఆ తపాలా సర్వీసుకు ప్రాణం పోసినవాడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా. జె.ఆర్.డి. అంటేనే లోకానికి తెలుసు. ఉక్కు కర్మాగారాల అధిపతిగా, దేశంలోని పెద్ద వర్తక సంస్థకు ఏబదేండ్లకు పైగా పెద్దదిక్కుగా ఆయన చరిత్ర పలుమార్లు చెప్పబడింది. ఇక్కడ చెప్పదలచినది అందులో ఒక చిన్న పాయ. 1982 అక్టోబరు 15న, డెబ్బది ఎనిమిదేండ్ల వయస్సులో, ఆయన నలభై అయిదేండ్లు దాటిన ఒక చెక్క విమానమెక్కి ఒంటరిగా కరాచీనుంచి బొంబాయికి వచ్చాడు. అది ముసలితనపు చాపల్యమా, లేక లెక్క చూచుకొని చేసిన పనియా? ఆ ప్రశ్నకు సమాధానం ఆ ఒక్క దినంలో దొరకదు. మొదటినుంచీ చూడాలి.

జె.ఆర్.డి. 1904 జూలై 29న పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా. జంషెడ్జీ టాటాకు దగ్గర బంధువు, వ్యాపారంలో భాగస్వామి. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. ఫ్రాన్సు ఉత్తర తీరాన ఆర్డెలో అనే పల్లెలో వారికి వేసవి విడిది ఉండేది. 1909లో ఇంగ్లీషు ఛానలును మొట్టమొదట విమానంలో దాటిన బ్లెరియో కుటుంబానికి కూడా అక్కడనే ఇల్లుండేది. సముద్రపు ఇసుకమీద దిగే విమానాలను చూస్తూ పెరిగిన బాలుడు తన పదిహేనవ యేట అక్కడనే మొదటిసారి విమానమెక్కాడు. ఆనాటినుంచి మనస్సు నేలమీద నిలువలేదు.

అయినా కోరిక వెంటనే తీరలేదు. 1923లో తల్లి మరణించింది. ఫ్రెంచి సైన్యంలో ఒక సంవత్సరం తప్పనిసరి కొలువు చేశాడు. 1925లో తండ్రి పిలుపుమీద బొంబాయి వచ్చి టాటా కార్యాలయంలో జీతంలేని అభ్యాసిగా చేరాడు. మరుసటి సంవత్సరమే తండ్రి పోయాడు. ఇరువదిరెండేండ్ల యువకుని మీద సంసార భారం పడింది. 1929లో ఫ్రెంచి పౌరసత్వం వదలుకొన్నాడు. ఆ సంవత్సరమే బొంబాయిలో విమాన శిక్షణ సంఘం తెరవగానే అందులో చేరి, ఫిబ్రవరి 10న వైమానికుని లైసెన్సు పుచ్చుకొన్నాడు. ఈ దేశంలో ఇచ్చిన లైసెన్సులలో దాని సంఖ్య 1.

ఇంగ్లండు ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమానం ప్రకటించాడు. మరుసటి సంవత్సరం జె.ఆర్.డి. తన జిప్సీమాత్ విమానంలో కరాచీనుంచి బయలుదేరాడు. ఆస్పీ ఇంజినీరు అనే పార్సీ కుర్రవాడు ఇంగ్లండునుంచి ఎదురు వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్ వద్ద ఇద్దరూ కలిశారు. ఆస్పీ స్పార్కు ప్లగ్గులు లేక నిలిచిపోయి ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న అదనపు ప్లగ్గులు ఇచ్చి పంపించాడు. ఆస్పీ కొద్ది తేడాతో పందెం గెలిచాడు; కాలాంతరాన భారత వైమానికదళానికి అధిపతి కూడా అయినాడు. బడిపుస్తకాలలో ఈ కథను ఔదార్యానికి ఉదాహరణగా చెబుతారు, అది నిజమే. కాని అందులో మరొక సంగతి ఉన్నది. ఎడారిమీద ఎగరబోతూ ఒకడు అదనపు ప్లగ్గులు పెట్టుకొని వచ్చాడు, ఒకడు పెట్టుకోలేదు. జె.ఆర్.డి. సాహసం ఎప్పుడూ మొదటి తరహాది.

ఇక్కడ నెవిల్ విన్సెంట్ సంగతి కొంత చెప్పాలి. పాత విమానం కొనడమనే విద్య ఆయన వద్దనే నేర్చుకోవాలి. దక్షిణాఫ్రికాలో పుట్టి, బ్రిటిషు వైమానికదళంలో పనిచేసి బయటికి వచ్చిన విన్సెంటు, న్యూవాల్ అనే మిత్రునితో కలసి రెండు డి.హెచ్.9 విమానాలతో ఇండియాకు వచ్చాడు. అవి మొదటి ప్రపంచయుద్ధకాలపు బాంబు విమానాలు. ఇంజను బలహీనమైనదని యుద్ధంలోనే వాటికి అపకీర్తి వచ్చింది. యుద్ధం ముగియగానే అట్టివి గుట్టలుగా మిగిలిపోయి, కొత్త విమానం వెలతో పోలిస్తే చౌకగా దొరికేవి. మిత్రులిద్దరూ ఊరూరా దిగి, రుసుము తీసుకొని జనాన్ని ఎక్కించి, ఆకాశం చూపించి దించేవారు. తిరునాళ్ళలో రంగులరాట్నం తిప్పేవాని బ్రతుకు వంటిదే ఇది. రాట్నం మాత్రం గాలిలో తిరుగుతుంది.

సీమలో రైతు సంతకు పోయి ఎద్దును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూస్తాడు, నడిపించి చూస్తాడు, కాడి మోసిన మెడ తడిమి చూస్తాడు. విమానం కొనేవాడు చూడవలసినవి కూడా అట్టివే. దాని పళ్ళు లాగ్‌బుక్కులో ఉంటాయి. ఎన్ని గంటలు ఎగిరింది, ఇంజనును ఎప్పుడు పూర్తిగా విప్పి కూర్చారు, ఎక్కడ దెబ్బతిన్నది, ఎవరు బాగుచేశారు అన్నవన్నీ అందులో తారీకుల వారీగా వ్రాసి ఉండాలి. ఆ పుస్తకంలో రెండు మూడేండ్లు ఖాళీగా కనబడితే విమానం ఎంత మెరుస్తున్నా అనుమానించవలసిందే. ఎగరకుండా షెడ్డులో పడివున్న విమానం భద్రంగా ఉన్నట్లు కాదు. లోపల నూనె ఎండి, తేమ చేరి, ఇనుము తుప్పుపడుతుంది. ఎలుకలు గూళ్ళు కడతాయి. వెలను చూచి మురిసిపోయేవాడు మరచేది ఇంకొకటున్నది. చిన్న విమానానికి కొన్న ధర ఒక్కసారి ఇచ్చేది; దానిని ఎగరగల స్థితిలో ఉంచడానికయ్యేది ఏటేటా ఇచ్చుకొనేది. సగం ధరకు వచ్చిన విమానం ఒక్క ఇంజను మరమ్మతుతో ఆ మిగులును మింగివేయగలదు. విన్సెంటు ఈ లెక్కలన్నీ చేతులకు నూనె పూసుకొని నేర్చినవాడు.

ఆయనే తపాలా విమానాల ఆలోచనతో 1929లో టాటాల వద్దకు వచ్చాడు. ఇంగ్లండు తపాలా విమానం కరాచీ దాకా వచ్చి ఉత్తరాదికి పోయేది. బొంబాయికి, మద్రాసుకు ఉత్తరాలు రైలుమీదనే రావాలి. కరాచీనుంచి దక్షిణానికి ఒక విమానం నడిపితే దినాలు కలిసివస్తాయి. జె.ఆర్.డి. వెంటనే పట్టుకొన్నాడు. సంస్థ అధిపతి దొరాబ్జీ టాటా సంశయించాడు. జాన్ పీటర్సన్ అనే పెద్ద ఉద్యోగి నచ్చజెప్పి ఒప్పించాడు. సర్కారు సాయం చేయడానికి నిరాకరించింది. చివరకు సర్కారు సొమ్ము అడగకుండా, మోసిన తపాలా బరువును బట్టి కూలి తీసుకొనే షరతుమీద 1932లో ఒడంబడిక కుదిరింది. పెట్టుబడి రెండు లక్షల రూపాయలు. బరువుకు కూలి కనుక పెద్ద విమానం గిట్టదు. అందువల్ల డి హావిలండ్ కంపెనీవారి పుస్‌మాత్ అనే ఒంటి ఇంజను చిన్న విమానాలు రెండింటితో పని మొదలుపెట్టారు.

1932 అక్టోబరు 15 ఉదయం జె.ఆర్.డి. కరాచీలోని డ్రిగ్‌రోడ్డు మైదానంనుంచి ఒక పుస్‌మాత్‌లో లేచాడు. వేగం గంటకు నూరు మైళ్ళ ప్రాంతం. రేడియో లేదు, దారిచూపే దీపాలు లేవు. అహమ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిమీద వచ్చాయి. మధ్యాహ్నానికి బొంబాయి చేరి జుహూ మైదానంలో దిగాడు. అక్కడినుంచి మద్రాసు సంచులను విన్సెంటు మరొక విమానంలో ఎత్తుకొని బళ్ళారి చేరి, రాత్రి అక్కడ ఆగి, మరునాడు మద్రాసులో దిగాడు. బళ్ళారినుంచి మద్రాసుకు పటంమీద సూటిగా గీత గీస్తే అది అనంతపురం మీదుగా, రాయచోటి దాపుగా పోతుంది. రాళ్ళ గుట్టలు, ఎండిన ఏళ్ళు, చెరువుగట్లు తప్ప మెత్తగా దిగడానికి చోటు అరుదైన దారి అది. ఇంజను ఒకటే. అది ఆగిపోతే కందిచేనో, వేరుసెనగ చేనో వెదుక్కోవలసిందే. వానలు పడితే రేగడి నేలలో చక్రం దిగబడుతుందని సీమ రైతుకు వేరే చెప్పనక్కరలేదు. కొంతకాలానికి ఈ మజిలీ బళ్ళారిని విడిచి హైదరాబాదుకు మారింది.

మొదటి సంవత్సరం ఆ చిన్న విమానాలు 1,60,000 మైళ్ళు తిరిగాయి. 60,000 రూపాయల లాభం వచ్చింది. ఈ అంకెలు చూచి అంతా సుఖంగా సాగిందనుకోరాదు. పుస్‌మాత్ పాతది కాదు. 1930లోనే వాడుకకు వచ్చిన కొత్త బండి. అయినా లోకంలో పలుచోట్ల ఆ విమానాలు ఎగురుతూ ఎగురుతూ గాలిలోనే విరిగిపోయాయి. 1930లో ఆస్ట్రేలియాలో ఒకటి కూలింది. 1931 మే మాసంలో దక్షిణాఫ్రికా డ్రాకెన్స్‌బర్గ్ కొండలమీద మరొకటి కూలి, గ్లెన్ కిడ్‌స్టన్ అనే పేరుమోసిన వైమానికుడు మరణించాడు. కారణం చాలాకాలం అంతుపట్టలేదు. చివరకు ఇంగ్లండులోని పరిశోధకులు, గాలి అలజడిగా ఉన్నప్పుడు రెక్కలో పుట్టే అదురు క్షణంలో పెరిగి రెక్కను విరుస్తున్నదని తేల్చారు. రెక్కను మోసే ఊతకమ్మికి మరొక చిన్న ఊతం చేర్చి ఆ లోపం సరిచేశారు. అంతవరకు ఆ విమానమెక్కిన ప్రతివాడూ, ఎంత నేర్పరి అయినా, తనకు తెలియని ఒక లోపాన్ని మోసుకొనే ఎగిరాడు.

కొత్త విమానానికి ఈ దోషమున్నది. దాని రహస్యాలు ఇంకా ఎవరికీ తెలియవు. పాతదాని బలహీనతలు అప్పటికే చాలామంది ప్రాణాలమీదికి తెచ్చి, పుస్తకాలకెక్కి ఉంటాయి. పాత విమానం మంచిదని దీని అర్థం కాదు. అపాయం రెండింటా ఉన్నది. రెండింటిలో వేరువేరు రూపాలలో ఉన్నది. వయస్సు ఒక్కటే చూచి భయపడేవాడు గాని, వయస్సు ఒక్కటే చూచి నమ్మేవాడు గాని సగమే చూచినట్లు.

జె.ఆర్.డి. 1938లో, ముప్పది నాలుగవ యేట, టాటా సంస్థలకు అధ్యక్షుడైనాడు. యుద్ధం వచ్చింది. విమానాల తయారీ కర్మాగారపు పనిమీద ఇంగ్లండు వెళ్ళిన విన్సెంటు 1942 జనవరిలో తిరిగి వస్తూ ఫ్రాన్సు తీరం ప్రాంతాన విమానంతో సహా నష్టమైపోయాడు. యుద్ధానంతరం సంస్థ పేరు ఎయిర్ ఇండియా అయింది. నిజాం ప్రభుత్వంతో కలసి టాటాలు హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ నెలకొల్పారు.

ఆ రోజులలో పాత విమానాల సంత మరొకసారి తెరుచుకొన్నది. అమెరికా సైన్యం వదిలిపోయిన డకోటాలు చౌకగా దొరికాయి. డకోటా నిజంగా గట్టి విమానం. అందుకనే అందరూ ఎగబడ్డారు. ప్రభుత్వం లైసెన్సులు ధారాళంగా ఇచ్చింది. ప్రయాణికులు తక్కువ, కంపెనీలు ఎక్కువ. అంబికా, జూపిటర్ వంటి కంపెనీలు రెండు మూడేండ్లకే మూతపడ్డాయి. విమానం చౌకగా వచ్చినంతమాత్రాన దానిని నడిపే జీతాలు, పెట్రోలు, మరమ్మతులు చౌక కావన్న సత్యం ఆలస్యంగా తెలిసింది. ఇన్ని లైసెన్సులు ఇవ్వడం అందరినీ ముంచుతుందని జె.ఆర్.డి. ముందునుంచీ వాదించాడు, ఆ మాట చెల్లలేదు. 1953లో విమాన సంస్థలన్నిటినీ జాతీయం చేశారు. ఆయన దానిని కూడా ఇష్టపడలేదు. అయినా విదేశాలకు నడిచే ఎయిర్ ఇండియాకు అధ్యక్షుడుగా ఉండడానికి అంగీకరించాడు. ఆ పదవిలో ఇరువది అయిదేండ్లున్నాడు.

ఆ కాలమంతటా ప్రయాణికుల కోసం ఆయన కోరినవి కొత్త విమానాలే. 1948 జూన్ 8న బొంబాయినుంచి లండనుకు ఎగిరినది అప్పటికి మేటిదయిన కాన్‌స్టెలేషన్. 1960లో బోయింగ్ 707 జెట్లు తెప్పించాడు. 1962 నాటికి సంస్థలో పాత పంకా విమానం ఒక్కటీ మిగలలేదు. కేవలం జెట్లతోనే నడిచే మొదటి సంస్థగా ఎయిర్ ఇండియాకు పేరు వచ్చింది. 1971లో మహాకాయమైన 747 వచ్చింది. అయినా మృత్యువు తప్పలేదు. లండనుకు తొలిసారి పోయిన ఆ కాన్‌స్టెలేషనే, మలబార్ ప్రిన్సెస్, 1950 నవంబరు 3న ఆల్ప్స్ పర్వతాలలోని మో బ్లాకు కొట్టుకొని, అందులోని 48 మందీ మరణించారు. ఎంపరర్ అశోక అనే మొదటి 747, ఏడేండ్లయినా నిండకుండానే, 1978 జనవరి 1 రాత్రి బొంబాయి తీరాన సముద్రంలో పడి 213 మంది పోయారు. అక్కడ చెడిపోయినది విమానపు వాలును చూపే ఒక్క పరికరం. చీకటిలో, సముద్రంమీద, ఆ పరికరాన్ని నమ్మి నడపడంవల్ల విమానం తప్పుదారి పట్టింది. ఆ మరుసటి నెలలోనే నాటి ప్రభుత్వం జె.ఆర్.డి.ని అధ్యక్షపదవినుంచి తొలగించింది. డెబ్బది మూడేండ్ల వృద్ధునికి అది తేలికైన దెబ్బ కాదు. 1980లో పాలక మండలిలోకి మళ్ళీ తీసుకొన్నారు గాని అధ్యక్షత తిరిగి రాలేదు.

ఇక 1982. తొలి తపాలా ప్రయాణానికి ఏబదేండ్లు నిండుతున్నాయి. ముప్పదేండ్లు నిండిన 1962లోనే ఆయన ఒకమారు లెపర్డ్‌మాత్‌లో ఆ దారినే తిరిగి ఎగిరాడు. ఇప్పుడు మరల అదే రకం విమానంలో ఎగరాలని సంకల్పించాడు. లెపర్డ్‌మాత్ పుస్‌మాత్‌కు తమ్ముడు. 1933లో మొదలై 1936తో దాని తయారీ ముగిసింది. పుస్‌మాత్ దేహంలో ఉన్న ఉక్కుగొట్టాల స్థానాన దీనికి కొయ్య, ప్లైవుడ్డు వాడారు. రెక్కలకు గుడ్డ, దానిమీద బిగువునిచ్చే పూత.

అట్టి విమానానికి వయస్సు మీదపడితే చూడవలసిన దోషాలు వేరు. ఆనాటి చెక్క విమానాలలో విరివిగా వాడిన జిగురు పాలనుంచి తీసిన పదార్థంతో చేసినది. తేమ తగిలితే బూజుపట్టి పట్టు సడలుతుంది. పైకి మాత్రం అతుకు చెక్కుచెదరనట్లే కనిపిస్తుంది. కనుక కొట్టి చూడాలి, గుచ్చి చూడాలి, అవసరమైతే పైపొర విప్పి చూడాలి. గుడ్డ ఎండకు జీర్ణించి పిగిలిపోతుంది. తయారుచేసిన కంపెనీ పోయి ఎంతో కాలమయింది కనుక ఒక భాగం చెడితే దానికి బదులు దొరకదు, చేతితో చేయించుకోవాలి. మేలు కూడా కొంత లేకపోలేదు. దాని జిప్సీ మేజర్ ఇంజను వేలకొద్దీ తయారైనది. ఈ దేశంలో ఎందరికో తొలి పాఠాలు నేర్పిన టైగర్‌మాత్‌లలో ఉన్నదీ అదే. దాని శబ్దంలో తేడా వస్తే చెవితోనే పసికట్టగల మేస్త్రీలు ఇక్కడ ఉండేవారు. వేగం తక్కువ కనుక చిన్న మైదానంలోనైనా దిగవచ్చు. పొడి ఋతువు, పగటి ప్రయాణం, యౌవనంనుంచి ఎరిగిన దారి. ఇవి ఆయన పక్షాన ఉన్నవి. తెలియనిది ఒకటే: డెబ్బది ఎనిమిదేండ్ల శరీరం. దానికి లాగ్‌బుక్కు లేదు.

మరొకటి గమనించాలి. వెనుక సీట్లలో ఎవరూ లేరు. సంస్థకు ఎప్పుడూ కొత్త విమానాలే కొనాలని పట్టుబట్టిన మనిషి, పాత విమానాన్ని తన ఒక్కడి తలమీదికే తెచ్చుకొన్నాడు. ఇతరుల ప్రాణాలకు ఒక త్రాసు, తన ప్రాణానికి వేరొక త్రాసు పెట్టుకొన్నాడు. అదే తలకిందులుగా పెట్టుకొని, అద్దె డబ్బుకోసం పాత విమానాలలో ఇతరులను ఎక్కించి తాము నేలమీద నిలబడే యజమానులు లోకంలో లేకపోలేదు.

1932లో కరాచీ, బొంబాయి ఒకే దేశంలోవి. 1982 నాటికి మధ్య సరిహద్దు ఉన్నది. అక్టోబరు 15న జె.ఆర్.డి. కరాచీలో లేచి, అహమ్మదాబాదులో దిగి, అక్కడనుంచి జుహూ చేరాడు. ఏబదేండ్ల క్రిందట మొదటి సంచితో దిగినదీ ఆ మైదానంలోనే. నాటి చిత్తడినేలను ఆనుకొని నగరం ఎదిగి, నాలుగు ప్రక్కలా మేడలు లేచి ఉన్నవి. విమానం సజావుగా దిగింది.

1992లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. మరుసటి ఏడు నవంబరు 29న జెనీవాలో కన్నుమూశాడు. పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. చేజారిన ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చింది. అది చూడడానికి ఆయన లేడు.